పేరెత్తని ప్రార్థన

ఆట ఉన్న రోజున రెండు జట్ల తల్లులూ మోకరిస్తే దేవుడు ఎవరి మొర ఆలకిస్తాడు?

ఏసమ్మకు ఈ సందేహం కొత్తది కాదు. కొడుకు సుకుమార్ మిషన్ స్కూలు ఫుట్‌బాల్ జట్టుకు మొదటిసారి గోల్‌కీపరుగా నిలబడ్డ నాటినుంచీ ఉన్నదే. ఒకసారి ఉండబట్టలేక పాస్టరు అయ్యగారిని అడిగింది కూడా. ఆయన నవ్వి, "బాగా ఆడినవాడి తల్లి మాటే వింటాడమ్మా" అన్నారు. అలాగైతే మోకరించడం దేనికి, వాడికి కడుపునిండా తిండి పెడితే సరిపోతుంది కదా అనుకుంది. అయ్యగారితో అనలేదు.

ఇప్పుడా సందేహం మైదానం దాటి ఇంట్లోకి వచ్చి కూర్చుంది. చర్చి స్త్రీల సమాజం వాళ్ళంతా వంతులేసుకుని, సుకుమార్‌ని మార్చమని దేవుణ్ణి అడుగుతున్నారు. ఏసమ్మేమో వాణ్ణి ఉన్నట్టే ఉండనివ్వమని అడుగుతోంది. అందరూ అడిగేది ఒక్క దేవుణ్ణే. అందరూ అడిగేది ఒక్కడి కోసమే.

"ఫొటోయే కదరా వాళ్ళు అడుగుతోంది!"

ముందుగదిలో భర్త డేనియల్ గొంతు పొద్దుటినుంచి లేస్తూనే ఉంది. ఏసమ్మ స్టవ్ తగ్గించి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఫొటోలో ఇంకో మనిషి ఉంటుంది నాన్నా" అన్నాడు సుకుమార్.

"ఉంటే? పరాయిదా? నీ మేనత్త కూతురు."

"అందుకే."

గోవాలో అతను ఆడే క్లబ్బు మేనేజరు నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు. క్లబ్బుకు ఎవరి మీదా ద్వేషం లేదుట. కాకపోతే స్పాన్సరు ఇబ్బంది పడుతున్నాడుట, అభిమానులు గోల చేస్తున్నారుట. సుకుమార్ గురించి బయటికి వచ్చిందంతా వట్టి పుకారనీ, అతనికి సొంత ఊళ్ళో పెళ్ళి కుదిరిందనీ ఒక ఫొటో పెట్టి ప్రకటిస్తే చాలుట. వచ్చే సీజనుకు కాంట్రాక్టు ఖాయం. ఇవాళ నాలుగింటిలోగా ఆ ఫొటో రాకపోతే మాత్రం, ఆ గోల్‌పోస్టుల మధ్య నిలబడేది ఇంకొకడు.

అందుకే ఈ హడావుడి ప్రధానం, అదే నిశ్చితార్థం. రాత్రికి రాత్రి డేనియల్ చెల్లెల్ని ఒప్పించాడు, అయ్యగారికి కబురు పెట్టాడు. చర్చి నుంచి కుర్చీలు వచ్చాయి. చాప పరిచారు. రెండు గులాబీ దండలు తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టారు.

"మేనేజరు గారు ఎంత మర్యాదగా మాట్లాడారు! నన్ను సర్ అన్నారు" అన్నాడు డేనియల్.

"నన్నూ సర్ అనే అంటారు నాన్నా. మర్యాదకేం లోటు లేదక్కడ. నేను స్నానాల గదిలోకి వెళ్తే అందరూ మర్యాదగానే బయటికి వచ్చేస్తారు. రూమ్మేట్ ఉన్నాడు చూడు, వాడి కూతురికి పేరు పెట్టింది నేను. 'ఏమనుకోకు, మా ఆవిడ అడుగుతోంది' అని మర్యాదగానే మంచం మార్చుకున్నాడు. కోచ్ అయితే, 'నాకేం పట్టింపు లేదు, జట్టు చెదిరిపోకూడదు కదా' అన్నాడు. నా వల్ల చెదిరిపోతోందిట. ఆ ముందు మ్యాచ్‌లో పెనాల్టీ ఆపింది కూడా నేనే."

"ఆట అన్నాక జనం నానా మాటలూ అంటారు. చెవిన పెట్టకూడదు."

"గోల్‌కీపరు వీపు వెనకే జనం ఉంటారు. నీకు తెలియంది ఏముంది? మిగతా పదిమందికీ అరుపులన్నీ కలిసి హోరులా వినపడతాయి. నాకు ఒక్కో మాటా విడిగా వినపడుతుంది. గాజులు విసిరారు నాన్నా. వలలో చిక్కుకుపోయాయి. రిఫరీ ఆట ఆపి, నన్నే తీసెయ్యమన్నాడు. అందరూ చూస్తుండగా ఒక్కొక్కటే తీశాను."

డేనియల్ మిషన్ స్కూలు డ్రిల్లు మాస్టారుగా రిటైరైన మనిషి. ఆ స్కూలు మైదానంలో, చెరకు లారీల దుమ్ములో, కొడుక్కి బంతి పట్టడం నేర్పింది ఆయనే.

"నన్ను అనలేదా?" అన్నాడు. "బయటూరు ఆడ్డానికి వెళ్తే కులం పేరు పెట్టి పిలవలేదా? నీళ్ళ కుండ దగ్గరికి రానిచ్చారా మమ్మల్ని? నేను ఆట మానేశానా?"

"మానలేదు. అలాగని, నేను ఆ కులం కాదు మహాప్రభో అని వాళ్ళ ముందు ఫొటో తీయించుకోలేదు కదా?"

జవాబు లేనప్పుడు డేనియల్ భార్య వైపు తిరగడం ఆ ఇంట్లో పాత అలవాటు.

"అంతా నీ మూలంగానే! వాడు నీకు ఒక్కదానికి చెప్పుకున్నాడు. నువ్వు పట్టుకెళ్ళి గొలుసు ప్రార్థనలో పెట్టావు."

ఏసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇందులో అబద్ధం లేదు మరి.

సుకుమార్ ఫోన్లో ఏడుస్తూ ఆ సంగతి చెప్పిన రోజున ఆమెకు ఎవరితో చెప్పుకోవాలో తోచలేదు. కష్టం వస్తే స్త్రీల సమాజంలో గొలుసు ప్రార్థనకు ఇవ్వడమే ఆమెకు తెలుసు. ఒకరి తర్వాత ఒకరు గంట చొప్పున మోకరిస్తారు, గొలుసు తెగకూడదు. ఆమె వాట్సాప్‌లో తన గొంతుతో చెప్పింది: నా బిడ్డ తనకు ఆడపిల్లల మీద మనసు పోదని చెప్పాడు, ఒంటరిగా ఉన్నాడు, వాడికి ధైర్యం ఇమ్మని అడగండి అని. దాచుకోవాల్సిన మాట అని తట్టనే లేదు. దేవుడి దగ్గరికి పంపిస్తున్నాననుకుంది. అది అక్కడిదాకా వెళ్ళిందో లేదో గానీ, ఊరంతా తిరిగి, చుట్టాల గ్రూపుల్లో పడి, చివరికి గోవా చేరింది. తలుపేసుకుని అడగాల్సింది ఇంతమందిలో ఎందుకు అడిగాను అని ఆమె ఇప్పుడు తనను తానే నిలదీసుకుంటోంది.

"అమ్మని ఏమీ అనకు నాన్నా" అన్నాడు సుకుమార్. అన్నాడే గానీ తల్లి వైపు చూడలేదు. ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ చూడలేదు.

"ఎందుకనకూడదు?"

"అనాల్సింది అక్కడే అనేశారు. డ్రెస్సింగ్ రూములో స్పీకరు పెట్టి అమ్మ గొంతు వేశారు. తెలుగు ఒక్కడికీ రాదు. ఎవడో ఇంగ్లీషులో అర్థం చెప్పాడు. ఇక నేను బూట్లు వేసుకుంటుంటే, 'ప్రభువా, నా బిడ్డా' అని ఏడుపు గొంతుతో అనుకరించేవాళ్ళు. అచ్చం అమ్మలాగే."



ఏసమ్మకు ఈ ముక్క ఇప్పటిదాకా తెలియదు. గాజుల సంగతి పేపర్లో వచ్చింది. ఇది ఎక్కడా రాలేదు. వాడు చెప్పలేదు, ఆమె అడగలేదు.

డేనియల్ కుర్చీలో కూలబడ్డాడు. కోపం దిగిపోయిన మొహం అప్పుడప్పుడే ముసలిదవుతున్నట్టు కనిపించింది.

"ఇలా చూడరా" అన్నాడు మెల్లగా. "ఇది అబద్ధమని నాకు తెలీదనుకున్నావా? తెలుసు. అబద్ధం ఆడైనా సరే నువ్వు ఆ పోస్టుల మధ్య నిలబడాలి. మనూరి నుంచి అంత దూరం వెళ్ళినవాడు ఒక్కడు లేడు. వాళ్ళు పొమ్మంటే నువ్వు వచ్చేస్తావు. మళ్ళీ మనలో ఎవడు వెళ్తాడు?"

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సుకుమార్ తండ్రి కళ్ళలో నీళ్ళు ఎప్పుడూ చూడలేదు. ఆ నీళ్ళ ముందు అతని మాటలన్నీ ఓడిపోయాయి.

"సరే నాన్నా. తీయించండి" అన్నాడు.

* * *

డేనియల్ చెల్లెలు క్రిస్టినా కాజాల పెట్టెతో, పట్టుచీర సంచితో వచ్చేసరికి రెండు దాటింది. వెనకే కూతురు వినీల. తణుకులో ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది. డ్యూటీ నుంచి తిన్నగా వచ్చినట్టుంది, చేతి సంచిలోంచి తెల్లకోటు అంచు కనపడుతోంది.

"ఇంకా అన్నం గిన్నెల దగ్గరే ఉన్నావేంటి వదినా! చీర కట్టుకో. అయ్యగారు వచ్చేస్తారు" అంది క్రిస్టినా. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వేం బెంగ పెట్టుకోకు. ఫొటో ఉత్తుత్తిదే అంటున్నాడు అన్నయ్య. ఉత్తుత్తిది ఎందుకవ్వాలి? పెళ్ళి చేసేద్దాం. ఆడపిల్ల ఇంట్లో తిరిగితే అదే సర్దుకుంటుంది" అంది.

"సర్దుకోకపోతే?" అంది ఏసమ్మ.

"ఏం మాటలవి వదినా! విశ్వాసం ఉండాలి."

విశ్వాసం ఎవరి మీద పెట్టాలో క్రిస్టినా చెప్పలేదు. దేవుడి మీదో, ఇరవై నాలుగేళ్ళ పిల్ల మీదో. ఏసమ్మకు అడగాలనిపించింది, కానీ క్రిస్టినా అప్పటికే పళ్ళెం వెతుక్కుంటూ వెళ్ళిపోయింది.

వినీల వంటింటి గట్టు మీదికెక్కి కూర్చుని, పెట్టె తెరిచి ఒక కాజా తీసుకుంది.

"అయ్యగారు ప్రార్థన చెయ్యకుండానే తినేస్తున్నావా?"

"పెళ్ళికూతుర్ని కదా అత్తయ్యా, ఆ మాత్రం హక్కు లేదేంటి?" అంది. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "నన్ను ఒక్కళ్ళూ అడగలేదు తెలుసా. మా అమ్మ ఫోన్ చేసి, సెలవు పెట్టి రా అంది. ఎందుకో చెప్పలేదు. దారిలో చెప్పింది."

అప్పుడే సుకుమార్ మంచినీళ్ళ కోసం వచ్చాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు. తల్లికి ఎడంగా నడిచి ఫ్రిజ్ తీశాడు. గులాబీ దండలు చూసి మూసేశాడు.

"బావా, ఒకటి అడుగుతాను" అంది వినీల. "గోలుకి దగ్గర్లో ఫ్రీకిక్ ఇస్తే, బంతికి అడ్డంగా నలుగురు వరుసగా నిలబడతారు కదా, చేతులు ముందు పెట్టుకుని? వాళ్ళనేమంటారు?"

"గోడ అంటారు."

"గోడని ఎవరు నిలబెడతారు?"

"గోల్‌కీపరు."

"అదీ సంగతి! నేను నీకు గోడనన్నమాట."

సుకుమార్ సీసా మూత తిప్పుతూ నిలబడిపోయాడు. "గోడలో ఉన్నవాళ్ళకి దెబ్బలు తగుల్తాయి వినీలా."

"తెలుసు. నిలబడనని కూడా అనట్లేదు. నువ్వు అడిగితే నిలబడతానేమో. నువ్వే అడగాలి. మావయ్యో మా అమ్మో కాదు."

అతను అడగలేదు. అడిగితే ఆ పిల్ల సరేనంటుందేమోనని భయపడినట్టుగా సీసా పట్టుకుని వెళ్ళిపోయాడు. వినీల సగం తిన్న కాజాను మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

ఏసమ్మకు ఒళ్ళు మండుకొచ్చింది. ఎవరి మీదో చెప్పలేకపోయింది. మేనేజరు మీదా? మొగుడి మీదా? ఆయన బాధ అబద్ధం కాదే. బంతి ఆపమని జీతమిచ్చి పెట్టుకున్నారు, వాడు బంతి ఆపుతున్నాడు. మిగతాది వాళ్ళకెందుకు? ఈ చిన్న ప్రశ్నకు చదువుకున్నవాళ్ళెవరూ జవాబు చెప్పరేం? అడుగుదామంటే, ఆ మాట బయటపెట్టింది తనే. నోరెత్తే మొహం ఎక్కడుంది?

* * *

మూడవుతుండగా వీధి గేటు చప్పుడైంది. అయ్యగారనుకుని డేనియల్ ఎదురు వెళ్ళాడు. వచ్చింది పాపాయి, గొలుసు వంతులు చూసే పెద్దావిడ. చర్చి పక్క సందులో ఉంటుంది. మోకాళ్ళ నొప్పితో కర్ర పట్టుకుని, ఇంటి వెనక నుంచి తిన్నగా వంటింట్లోకి వచ్చింది.

"మూడింటికి నా వంతు ఏసమ్మా" అంది, బల్ల మీద కూలబడి. "ఏమని అడగాలో తెలీక నీ దగ్గరికి వచ్చాను."

"అందరూ అడుగుతున్నదే అడుగు పాపాయక్కా. మార్చమని."

"నాకు నోరు రావట్లేదే. వాడు నా చేతుల్లో పుట్టినంత పని. ఏం మార్చాలి వాడిలో? పుట్టినప్పుడు కూడా పిడికిళ్ళు బిగించుకునే ఉన్నాడు."

ఏసమ్మ ఆమె పక్కన కూర్చుంది. సుకుమార్ పుట్టిన రోజున గొలుసులో ఏసమ్మ వంతు ఉంది. నొప్పులు మొదలై ఆస్పత్రికి పోతుంటే, గొలుసు తెగుతుందని ఏడ్చింది. పాపాయి ఆ గంట తన మీద వేసుకుని, ఆస్పత్రి వరండాలోనే మోకరించింది. ఆ తర్వాత ఏసమ్మ ఆ బాకీ తీర్చబోయినప్పుడల్లా పాపాయి ఒప్పుకునేది కాదు. ఒంట్లో బాగాలేనప్పుడు కూడా కర్ర పట్టుకుని తన వంతు తనే చేసుకునేది. "ఉండనీ, ఎప్పుడో అడుగుతాను. బాకీ ఉంటేనే నువ్వు నా మాట వింటావు" అని నవ్వేది.

"ఆ గంట ఇవాళ ఇచ్చెయ్యి" అంది పాపాయి ఇప్పుడు. ఈసారి నవ్వలేదు. "నా వంతు నువ్వు చెయ్యి. చేసే చోటు నీ ఇష్టం. మోకరించిన మనిషిని గంట అయ్యేదాకా కదపకూడదు, ఆ గదిలో ఎవరూ మాట్లాడకూడదు. అది అయ్యగారు పెట్టిన కట్టుబాటే."

ఏసమ్మ పాపాయి మొహంలోకి చూసింది. తర్వాత గడియారం వైపు చూసింది. మూడు నుంచి నాలుగు. ముందుగదిలో చాప పరిచి ఉంది.

లేచి రెండడుగులు వేసి ఆగిపోయింది. పోయినసారి కూడా ఇలాగే లేచింది. ఎవరినీ అడగకుండా.

సుకుమార్ పెరటి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆమె వెళ్ళి అతనికి ఒక మెట్టు కింద నిలబడింది.

"సుకుమారూ, పాపాయి పెద్దమ్మ వంతు నన్ను చెయ్యమంటోంది. ముందుగదిలో చేస్తే నాలుగయ్యేదాకా ఏమీ జరగదు. నువ్వు వద్దంటే చెయ్యను. ఫొటో తీయించుకుంటానంటే దండలు నేనే తీసుకొస్తాను. చెయ్యమంటే ఏమని అడగాలో నువ్వు చెప్పు."

బయట చెరకు లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. ఆ తర్వాత, వచ్చిన ఇన్నాళ్ళకు, తల్లి కళ్ళలోకి చూశాడు.

"చెయ్యి. నా పేరెత్తకుండా చెయ్యమ్మా" అన్నాడు.

* * *

అయ్యగారు, చర్చి సెక్రటరీ అనిల్ కుమార్ గారు, మరిద్దరు పెద్దలు గుమ్మంలో చెప్పులు విడిచేసరికి ఏసమ్మ చాప మధ్యలో మోకరించి ఉంది. ముసుగు తల నిండా కప్పుకుంది. పాపాయి ద్వారం పక్కన కుర్చీ వేసుకుని, "గొలుసు నడుస్తోందండి" అంది గుసగుసగా. అయ్యగారు తల వంచి కుర్చీలో కూర్చున్నారు. పెద్దలూ కూర్చున్నారు. కొడుకు కోసం తల్లి విజ్ఞాపన చేస్తోందనుకుని వాళ్ళ మొహాలు జాలిగా మారాయి. అందరూ ఆ పేరు వినడానికి చెవులు నిక్కబొడుచుకున్నారు.

ఏసమ్మ నోరు విప్పలేదు.

పేరెత్తకుండా అడగడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడే తెలిసింది. ఏ మాట మొదలుపెట్టినా వాడి పేరు దగ్గరికే వచ్చి ఆగిపోతోంది. పేరు చెప్తేనేగానీ తెలుసుకోలేని దేవుడైతే, చెప్పి మాత్రం ఏం లాభం అనుకుంది. వాణ్ణి వదిలేసి, వాడి రూమ్మేటు కూతుర్ని తలుచుకుంది. వాడి బదులు నిలబడబోయే కుర్రాణ్ణి, ఎక్కడో ఆ కుర్రాడి కోసం మోకరించి ఉన్న తల్లిని తలుచుకుంది. తన గొంతును అనుకరించినవాళ్ళ దగ్గర మాత్రం మనసు మొరాయించింది. వాళ్ళ కోసం ఇవాళ అడగలేను ప్రభువా, ఇంకోరోజు చూద్దాం అని దాటేసింది.

స్టూలు మీద ఫోన్ వణికింది. ఆగింది. మళ్ళీ వణికింది.

డేనియల్ దాన్ని చేతిలోకి తీసుకుని అయ్యగారి వైపు చూశాడు. ఆయన కళ్ళు తెరవకుండానే వేలు పెదవుల మీద పెట్టారు. అనిల్ కుమార్ గారు వాచీ చూసుకున్నారు. క్రిస్టినా గోడ గడియారం వైపూ వదినగారి వీపు వైపూ మార్చి మార్చి చూసింది. డేనియల్ పిల్లిలా నడిచి వెళ్ళి దండలు తెచ్చాడు. పెరటి గుమ్మంలో నిలబడి, బయటికి రండి, ఇక్కడ తీసేద్దాం అని కొడుకునీ మేనకోడల్నీ సైగ చేసి పిలిచాడు.

సుకుమార్ వినీల వైపు చూశాడు. నువ్వు అడుగుతున్నావా అన్నట్టు ఆమె కనుబొమలెగరేసింది. అతను అడ్డంగా తల ఊపాడు. ఊపి, చాప అంచున తల్లికి కొంచెం ఎడంగా కూర్చుండిపోయాడు.

డేనియల్ చేతుల్లోని దండల నుంచి నీళ్ళు గుమ్మం మీద పడుతున్నాయి. కొడుకు పేరు గట్టిగా పిలవబోయాడు. నోరు తెరిచాడు, ముప్ఫయ్యేళ్ళు మైదానమంతా వినపడేలా అరిచిన గొంతు. గొలుసు తెగుతుందన్న భయం ఆ గొంతును పట్టుకుంది. నోరు మూసుకుని, ఆ దండలతో అలాగే గుమ్మానికి చేరబడిపోయాడు.

దూరంగా పంచదార ఫ్యాక్టరీ సైరను మోగింది.

"ఆమేన్" అంది ఏసమ్మ. ఆ గంటలో ఆమె పైకి పలికింది ఆ ఒక్క మాటే.

"నాలుగైందిరా" అన్నాడు డేనియల్. ఆ గొంతులో తిట్టు లేదు, ఏడుపూ లేదు. అది వింటే ఏసమ్మకు భయం వేసింది.

"తెలుసు నాన్నా."

అయ్యగారు కళ్ళు తెరిచి చుట్టూ చూశారు. "మరి, ప్రధానం ఉన్నట్టా అమ్మా, లేనట్టా? నాకేం చెప్పకుండా ఇదంతా ఏంటి?"

సుకుమార్ లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు. పెద్దలందరూ అతని వైపు తిరిగారు. అతనేం చెప్పబోతున్నాడో ఏసమ్మకూ తెలియదు. ఏదైనా సరే, ఈసారి అది వాడి నోటినుంచే రావాలి. ఆమె లేవబోయింది, తిమ్మిరెక్కి కాళ్ళు లేవలేదు.

పాపాయి కర్ర గోడకు ఆనించి, ఆమెకు చెయ్యి అందించింది.

"లే ఏసమ్మా" అంది. "నీ గంట నాకు ముట్టింది."